ఏడో గడి

మూడో గొయ్యి. లోతు అరవై రెండు సెంటీమీటర్లు.
జల్లెడలో మిగిలినవి
గుప్పెడు గులకలు, ఓ బొగ్గు పలుకు,
నడుమ గుంట పడ్డ రాయి.

నా అరచేతికి సరిగ్గా సరిపోయింది.
అదే నాకు నచ్చలేదు.

ఈ పొరకు రెండువేల ఏళ్లు పైమాటే అంటుంది డాక్టర్ జాసిరా.
అప్పుడూ పియావీలో ఇదే ఎండ,
ఈ బూడిదరంగు ముళ్లపొదలే, ఈ జీడిమామిళ్లే,
ఈ కోతులే.
రెండు చేతులా రాయెత్తి, తోక నేలకు ఆనించి,
నడుం విల్లులా వంచి
టక్.
తొంగిచూసి, గింజను తిప్పిపెట్టి, మళ్లీ
టక్.

రిజిస్టరులో ఆరు గడులు
కునికిపాట్లు పడుతూ కూడా నింపేస్తాను.
ఏడోది రాజధానిలో ఎవరో గీసింది:
‘ఏ నాగరికతకు చెందినది?’

నగరం ఉంటేనే నాగరికతని మాటే చెబుతోంది.
వీటికి నగరం లేదు, గోడ లేదు, గాదె లేదు.
గాదె లేదు గనక దొంగ లేడు, దొంగ లేడు గనక
తలారి లేడు.
కానీ ఆ ఎర్రకొండ చరియ మీద
జింకల్నీ నాట్యగాళ్లనీ గీసిన మనుషులకు మాత్రం
ఏ నగరం ఉందని?
వాళ్ల గడి ఒక్క నిమిషంలో నిండింది.
బోర్డు కూడా పెట్టారు, పక్కన కొబ్బరినీళ్ల బండి.

రాయిని ఏ వేరు మీద వదిలితే ఆ వేరు మీదే ఉంటుంది.
తల్లి వదిలినదాన్ని పిల్ల అందుకుంటుంది,
మొదటి ఏడాది వేళ్లే చితక్కొట్టుకుంటుంది,
రెండో ఏడాది పొట్టు,
మూడో ఏడాదికి గింజ.
దీన్ని బడి అనకూడదట. సరే, అనను.

పోయిన నెల ఒక తల్లి
చచ్చిన పిల్లను మూడు రోజులు మోసింది.
నాలుగో రోజు కొమ్మ మీద మర్చిపోయినట్టు వదిలేసి
పళ్లకు వెళ్లింది.
గోరీ లేదు.
తవ్వుకు బతికేవాళ్లం,
గోరీలు లేనివాళ్లను నమ్మడం మాకు కష్టం.

అబద్ధం ఎందుకు, ఇంకోటీ చూశాను.
కుంటి ముసలికోతి పొద్దంతా కష్టపడి పగలగొట్టిన గింజని
బలిసిన మగది వచ్చి నోటి ముందు నుంచి లాక్కుపోయింది.
మిగతావి పేలు చూసుకుంటూ కూర్చున్నాయి.
‘ఈ లెక్కన నాగరికత ఉన్నట్టే కదా, జెనైడీ’
అన్నాడు లిందోమార్, జల్లెడ ఆపకుండానే.

లిందోమార్ పందొమ్మిదేళ్లు
పీకోస్ జీడి కార్ఖానాలో గింజలొలిచాడు.
జీడిపాలు అతని వేళ్ల గీతలన్నీ తినేసింది.
పింఛను ఆఫీసులో బొటనవేలు పెడితే
యంత్రం మూడుసార్లు చెప్పింది:
మనిషి దొరకలేదు.
‘పచ్చిగింజని కోతి ఊరికే కొరకదు చూడు,
ఇసకలో రుద్దుతుంది, రుద్దుతుంది, పాలు పోయేదాకా.
దానికి వాళ్లమ్మ చెప్పింది.
మాకు మేస్త్రీ చెప్పలేదు.’

మధ్యాహ్నం కర్రపెండలం పిండీ బొబ్బర్లూ తిన్నాక
గడి నా వైపే చూస్తోంది.
కోతులని రాస్తే డాక్టర్‌ని పై వాళ్లు నవ్వుతారు.
మనుషులని రాస్తే నేను దొంగని.
ఖాళీగా వదిలేస్తే
ఎవరో ఒకరు తమ పేరు రాసుకుంటారు,
ఈ నేల మీద ఎప్పుడూ జరిగేది అదే.

లిందోమార్ ముద్రలేసే సిరాడబ్బా మూత తీశాడు.
బొటనవేలు ముంచి ఏడో గడిలో నొక్కాడు.
గీత లేదు, సుడి లేదు,
నల్లగా, గుండ్రంగా,
రాతి నడుమ గుంటంత.

రెండు వారాలకు రిజిస్టరు తిరిగొచ్చింది:
‘ఏడో గడి అస్పష్టం. మళ్లీ నింపి పంపగలరు.’

నాలుగో గొయ్యి మొదలుపెట్టాం.
నేల ఇక్కడ ఇంకా గట్టిది.
చరియ మీద, మాకు కనబడని చోట,
టక్.
గింజను తిప్పిపెట్టేంత సేపు.
టక్.