అచ్చుగుద్దినట్టు

రెండు లారీలు బల్ల మీద పెట్టి
యాకూబ్ సాబ్ చాయ్ చెప్పిండు.
రెండూ అరచేతి పొడుగు, రెండింటికీ పసుపుపచ్చ ముక్కు,
ఎవరో తిట్టినట్టు అదే మూతి ముడుపు.
"అచ్చుగుద్దినట్టున్నయి గద" అన్న.
ఆయన నవ్వలేదు. భూతద్దం నా దిక్కు జరిపిండు.
"అచ్చు ఎట్ల గుద్దుతరో తెల్వనోళ్ళు పుట్టించిన మాట అది."

ఆదివారం. మండిబజార్ వెనుక సందు.
పాత తాళాలు, పట్టేసిన బేరింగులు, మూత లేని కుక్కర్లు,
వాటి నడుమ బొమ్మలారీల బేరం.

"బోర్లేసి చూడు.
ముందు నుంచి అందరూ చూస్తరు."
అడుగున రేకు, రేకుకు రెండు రివిట్లు.
ఒక బండికి రివిటు తల గుండ్రం, పప్పుబద్ద లెక్క.
ఇంకోదానికి నడుమ గుంట, తల్లి పోసిన మచ్చ లెక్క.
డ్రైవరు తలుపు కింద
ఒకదానికి మెట్టున్నది, ఒకదానికి లేదు.
మొదటి అచ్చుకు మెట్టే లేదట.
రెండో ఏడు ఫ్యాక్టరీల ఎవడో
"మరి డ్రైవరు ఎట్ల ఎక్కుతడు?" అన్నడట.
ఆ ఒక్క మాటకు ఉక్కును తొలిచిండ్రు
బియ్యపుగింజంత.

ఇంకా ఉన్నది.
క్యాబిన్ కప్పు మీద వెంట్రుకంత గీత.
అది బండిది కాదు, అచ్చుది.
మరిగే జింకు తాగి తాగి ఉక్కు పగిలిన చోటు.
పగులు సాగిన కొద్దీ గీత పొడుగైతది.
అయిదు బండ్లు వరుస పెడితే చాలు,
ఏది ముందు పుట్టిందో ఏది వెనుకనో
తారీఖు లేకున్నా తెలుస్తది.

అప్పుడు సంచిలకెల్లి నాది తీసిన.
మెట్టు లేదు.
హైదరాబాదు నుంచి వచ్చినాయన
పక్క స్టూలు మీదికెల్లి వంగి, "ఆరువేలు" అన్నడు.
అప్పటికే ఆయన చేతిల చిన్న తూకం.

యాకూబ్ సాబ్ కప్పు మీద గోరు నడిపిండు.
గోరు తట్టుకున్నది.
గీత ఆ అంచు నుంచి ఈ అంచు దాకా.
ముసలి అచ్చు. మెట్టుండవలసిన బండి.
తలుపు కింద రంగు లేదు, తెల్లగ, నున్నగ.
"ఆకురాయి పెట్టినవా?"
చాలా మెల్లగ అడిగిండు, ఆయనకు వినపడకుండ.

లేదు సాబ్.
మా అక్క.
కరీమాబాద్ ల ఇంటి ముందటి బండల మీద
లారీని కుడిపక్కకు పండబెట్టి ఈడ్చేది.
దాని ఆటల ఏ లారీ అయినా బోల్తా పడవలసిందే.
మా నాయిన బండి పస్రా మలుపు కాడ పడ్డ ఏడు అది.
తర్వాత ఆయన ఇంకో లారీ కాడికి పోయిండు గని
మెట్టు మీద కాలు పెట్టి, దించి,
పెట్టి, దించి,
ఇంటికొచ్చిండు.

"రెండో అచ్చే ఇది" అన్న, పైకే.
తూకం జేబులకు పోయింది.
"నూటయాభై ఇస్త, చక్రాల కోసం."
నేను బండిని సంచిల పెట్టుకున్న.

యాకూబ్ సాబ్ నోటుబుక్కు తెరిచిండు.
రివిట్లు, మెట్లు, గీతల లెక్కలు,
నలభై ఏండ్ల పెన్సిల్ రాతలు.
కింద కొత్త వరుస కొట్టిండు:
మెట్టు, అరిగినది. కరీమాబాద్.
ఎన్ని అనే గడిల: ఒకటి.

తర్వాత పెన్సిల్ ఆపి అడిగిండు,
సుగుణకు 'న'నా, 'ణ'నా అని.