సెమీకోలన్ తర్వాత

నెలాఖరు ఆదివారం. పాత మలక్‌పేట,
మూడో అంతస్తు, ఒంటి గది.
కుక్కర్ రెండో విజిల్‌కి ల్యాప్‌టాప్ తెరిచిన.

రంగుల్లేవు, గుండ్రటి బొమ్మల్లేవు.
నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు,
పలక మీద బలపం లెక్క.
ఇంతకుముందు యాప్‌లు వాడిన.
ఒకటి చెప్పకుండ మూతబడ్డది,
ఇంకోటి రోజూ పొద్దున లోన్ కావాల్నా అని అడిగేది.
ఇది ఏమీ అడగది. ఉట్టి ఫైలు.
పేరు ‘ఇంటిలెక్క’.

ఒక్కటే దాని పట్టుదల:
ఒక దిక్కు తగ్గింది ఇంకో దిక్కు పెరగాలె,
కలిపితే సున్నా రావాలె.

    సెప్టెంబరు 3, మెడికల్ షాపు
        ఖర్చులు:మందులు      212
        ఆస్తులు:నగదు       −212

నారాయణగూడల పళ్ల ఆసుపత్రి బిల్లులు
పగలంతా నేనే కొడత.
అవి కలుస్తయి. నావే కలువయి.
ఫైలు రెండు వేలు ఉండాలంటది,
పర్సుల పద్దెనిమిది వందల అరవై.

ట్యాంకు నిండిందా చూడనీకి మీదికెక్కుతున్న
మొయిజ్ సాబ్ తలుపు దగ్గర ఆగిండు.
“కిత్నా షార్ట్?”
“నూట నలభై.”
ముప్పై ఒక్కేండ్లు బర్కత్‌పుర డిపోల కండక్టరు.
అర్ధరాత్రి సంచి బోర్లించి
పావలాలు కుప్పలు పోసి
వేబిల్లుతోని కలిపినోడు.
తగ్గితే సొంత జేబుల నుంచి.
“మరి ఎక్కువొస్తే?”
“ఔర్ డర్, బేటా. ఎవ్వలకో చిల్లర
వాపస్ ఇయ్యలేదన్నట్టు.”
మెట్లెక్కి పోయిండు. మోకాలు పట్టుకొని, మెల్లగ.

మొదటి తారీఖు నుంచి మళ్ల చదివిన.
సెమీకోలన్ పెట్టి రాసింది లెక్కల పడది.
యంత్రం ఆడ కండ్లు మూసుకుంటది.
అందుకే ఆడనే ఎక్కువ రాసిన:

    ; వాన. మూసారాంబాగ్ వంతెన మూసిండ్రు.
      ఆటో అంబర్‌పేట చుట్టు తిరిగింది.
    ; సీతాఫలాలు నాలుగు. మూడు పండినయి,
      ఒకటి రాయి.
    ; డాక్టరు తోని గొడవ. అందుకే బిర్యానీ.
    ; చెప్పు తెగింది. కుట్టినాయన
      పది తీసుకోలే, అయిదు చాలన్నడు.

నూట నలభై ఎక్కడా లేదు.

మధ్యల, ఎప్పటిలాగనే, ఆ లైను:

    రావలసినవి:పుష్పలీల      6,000

నిరుడు మార్చి నుంచి అదే అంకె.
ఈ గదిల సగం అద్దె కట్టిన పిల్ల.
ఆమె నంబరుకి కొడితే ఇప్పుడు
ఎవరో కొరియర్ పిలగాడు ఎత్తుతడు,
పార్సిల్ ఏ అడ్రస్ మేడమ్ అంటడు.
తీసెయ్యొచ్చు. కానీ తీసింది ఎక్కడనో పెట్టాలె.
దాని గుణమే అంత, ఊరికే పోనియ్యది.
ఖర్చులు:దానం అని కొట్టిన.
ఛీ, ఆమె అడుక్కోలేదు.
ఖర్చులు:నష్టం అని కొట్టిన.
చెయ్యి విరిగి పట్టీ ఏసినప్పుడు
నలభై రోజులు నా జడ ఆమెనే అల్లింది.
దానికి నేను ఏ ఖాతా తెరిచిన?
రెండూ చెరిపేసిన.
ఉండనీ. ఆరు వేలు రావాలె. అంతే.

అన్నం మాడు వాసన.
లేచి, స్టవ్ ఆపి, వచ్చి, ఓడిపోయి రాసిన:

    సెప్టెంబరు 29, సర్దుబాటు
        ఖర్చులు:గుర్తులేదు      140
        ఆస్తులు:నగదు          −140

సున్నా వచ్చింది.
కండక్టరు జేబుల నుంచి కట్టినట్టే ఇది కూడ,
కాకపోతే నా సంచి, నా జేబు ఒక్కటే.

ఊరికే, చెయ్యి ఊరుకోక,
ఈ ఏడాది మొత్తం ‘గుర్తులేదు’ ఎంతైందని అడిగిన.
రెప్ప కొట్టేలోపు చెప్పింది:
2,315.

అంతేనా?
తొమ్మిది నెలలల్ల
నాకు తెల్వకుండ నా చేతిల నుంచి జారింది
గింతేనా?

మీద ట్యాంకు పొంగి గోడ వెంట నీళ్లు కారుతున్నయి.
మొయిజ్ సాబ్ మోటారు ఆపు మోటారు ఆపు అని అరుస్తున్నడు.

నూట నలభై కింద సెమీకోలన్ పెట్టిన.
కర్సరు కొట్టుకుంట నిలబడ్డది.
ఏం రాయాల్నో తోచలే.
అట్లనే సేవ్ చేసి
మోటారు ఆపనీకి ఉరికిన.