పంతులు రాయి

కిరసనాయిలు ఏ రోజొస్తుందో ఎవరికీ తెలీదు.
గూడ్సు గేటు దగ్గర టీ కాసే పైడిరాజు చెప్పేవాడు.
చెప్పినరోజు రాకపోయినా
చెప్పినందుకు అతనికో బీడీ.

కంచరపాలెంలో మా డిపో ముందు
మూడో జాముకే
మనుషులకన్నా ముందు రాళ్లు నిలబడేవి.
ఇటుకముక్క, మూతలేని డబ్బా,
తెగిన హవాయి చెప్పు, అడుగూడిన బిందె.
ప్రతిదానికీ ఒక ఇంటిపేరు.

మాది జాలారిపేట ఒడ్డున అమ్మ ఏరుకొచ్చిన రాయి.
నల్లది. ఏటవాలుగా తెల్లటి గీత, జంధ్యంలా.
వీధంతా దాన్ని పంతులనేది.
"పంతులు ఎన్నోవోడే?"
"పదకొండు."
నేను దుప్పట్లో ముడుచుకునేదాన్ని.
పంతులు మంచులో నిలబడేవాడు.

కార్డుకి అయిదు లీటర్లు. ఇంట్లో ఆరుగురం.
అమ్మ సీసా మీద బొగ్గుతో గీత గీసేది:
గీతకి పైన చదువు, కింద అన్నం.
పరీక్షల నెలలో గీత రెండు వేళ్లు కిందకి జరిగేది.
ఆ నెలంతా నానబెట్టిన అటుకులే.
లెక్కల్లో నాకు డెబ్భై రెండొచ్చాయి.
ఆ డెబ్భై రెండులో
తమ్ముడి ఆకలి ఎంతో
ఇప్పటికీ తీసివేయలేను.

మా పంచదార పోర్టు కలాసీ ఎర్రినాయుడింటికి,
వాళ్ల పామాయిలు మాకు.
అందులో సగం అచ్చియ్యమ్మకి,
కొళాయి దగ్గర మా బిందెలకి కాపలా ఉన్నందుకు.
ఐదేళ్ల ప్రణాళికలో ఎక్కడా లేదు గానీ
ఈ లెక్కలో గరిటెడు తేడా వస్తే
వీధి వీధంతా లేచేది.

రాయికి వెనక తలుపు కనబడదు.
పంతులు ముందర నిలబడి ఉండగానే
వెనకనించి రెండు డ్రమ్ములు రిక్షా ఎక్కడం
నేను చూశాను. నాన్నకి చెప్పాను.
నాన్న షిప్‌యార్డులో వెల్డరు.
"సూళ్లేదనుకో," అన్నాడు.
శనివారం శనివారం ఆయన టిఫిను డబ్బా అడుగున
నాలుగు వెల్డింగు రాడ్లొచ్చేవి.
వాటితోనే మా తలుపు బందులు అతికాయి.
అదీ నేను చూళ్లేదు.

ఎనభై నాలుగు ఎండాకాలం.
ఉక్కు ఫ్యాక్టరీ రష్యావాళ్ల జీపు
మా వీధిలో ఆగిపోయింది.
డ్రైవరు బానెట్టు ఎత్తి బూతులు తిడుతుంటే
పూలగౌను వేసుకున్న ఓ పెద్దావిడ దిగి
వరస చూసింది.
రాళ్లని, డబ్బాల్ని, ఆ చెప్పుని.
ఏమిస్తున్నారని అడగలేదు.
సంచీలోంచి ఖాళీ గాజుసీసా తీసి
ఆఖరున ఇటుకముక్క వెనకాల పెట్టి
చేతులు కట్టుకు నిలబడింది.

"ఓలమ్మా, ఈవిడికీ తెలుసే!" అంది ఎర్నమ్మ.
వీధంతా నవ్వింది. ఆవిడా నవ్వింది,
లోపల బంగారు పన్నొకటి మెరిసింది.
జీపు బాగయ్యేసరికి
ఆవిడకన్నా ముందు ఇంకా నలుగురే.
వెళ్లాలా వద్దా అన్నట్టు
సీసాకేసి చూసుకుంది.

పేరు రాయించిన తొమ్మిదేళ్లకి గ్యాసొచ్చింది.
ఎండుచేపల తట్ట మీద బరువుగా
పంతులు కూచున్నాడు, పాపం.

హుద్‌హుద్ పోయిన మూడోనాడు
పాల వ్యాను వస్తుందన్నారు.
డెబ్భై దాటిన అమ్మ
కూలిన వేపకొమ్మలు దాటుకుంటూ
చీకట్లో పంతుల్ని కొంగులో మోసుకెళ్లి
అపార్టుమెంటు గేటు ముందు పెట్టి
వచ్చి నిశ్చింతగా పడుకుంది.

తెల్లారి నేను వెళ్తే
వరస లేదు. గుంపుంది.
ప్యాకెట్టు వంద రూపాయలు.
నా దగ్గర వందుంది.
ఎదురుచూడకుండా కొన్నాను.
పక్కన చంటిపిల్లతో ఒకామె
గుప్పిట్లో నలభై పట్టుకుని నిలబడే ఉంది.
ఆమెకేసి చూళ్లేదనుకున్నాను.
నాన్న గొంతు అంత బాగా వచ్చింది నాకు.

పంతులు కాలవలో బోర్లా ఉన్నాడు.
కడిగి తెచ్చాను.

"పాలు దొరికాయమ్మా."

"అది కాదే,
మన పంతులు ఎన్నోవోడో
సూసినావా?"