వేయని ముడి

ఓస్ట్రావాలో నవంబరు. ట్రాము గంట
కిటికీ అద్దం దాకా వచ్చి ఆగిపోతుంది.
మూడో అంతస్తులో జ్డిస్లావా
ఇంక్యుబేటరు తలుపు తీసి వెంటనే మూసింది,
లోపల ఉన్నవాళ్లకి చలి తగలకూడదని.
కణాల్ని "ఉన్నవాళ్లు" అనే అంటుంది,
బొహుమీర్ నవ్వితే నవ్వనీ.

దానిమ్మ నీళ్ల రంగు ద్రవం అడుగున
ఎప్పటివో ఎవరివో మూత్రపిండపు కణాలు
పళ్లేన్ని కరుచుకుని
తమది కాని జన్యువును చదువుతున్నాయి.

నిరుడు మూడు జన్యువులూ విడివిడిగా ఇచ్చి చూసింది.
ఒక కణానికి పచ్చ, ఒకదానికి ఎరుపు,
పక్కదాని ముందు ఖాళీ విస్తరి.
పంక్తిలో వడ్డన కుదరలేదు.

ఈసారి ఒకటే జన్యువు,
సందుల్లో పందొమ్మిదేసి అక్షరాలు.
రైబోజోము అక్కడిదాకా గుచ్చుకుంటూ వచ్చి
గ్లైసిన్ గుచ్చి, ప్రోలీన్ అందుకుని
రెంటికీ మధ్య ముడి వేయదు.
అంతే.
కత్తెర లేదు. తెగిన చప్పుడు లేదు.
అల్లిన దండ జారిపోతుంది, చేయి ఆగదు,
తర్వాతి దండకి ఆ ప్రోలీనే తొలి పువ్వు.
జారినదాని వెంట పద్దెనిమిది అక్షరాల తోక ఉండిపోతుంది;
దాని సంగతి ఎవరూ అడగరు.

ఆ అక్షరాలు ఎక్కడివో
ఫ్రీజరు పెట్టె మీద ఆమె రాయలేదు.
ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు త్యెషీన్.
అక్కడ ముత్తవ్వ లుద్మిలా పందులు
ఒక చలికాలం వెనక కాళ్లు పడిపోయి
గడ్డిలో కూలబడ్డాయి.
గొయ్యి తవ్వి సున్నం చల్లారు.
ఆ వైరసు వంశంలోదే ఈ ముక్క.
ముత్తవ్వ దాన్ని తిట్టిన తిట్లు
ఇప్పటికీ ఆ ఇంట్లో పిల్లల ముందు అనరు.

దీపం ఆర్పి సూక్ష్మదర్శినిలోకి వంగింది.
పచ్చ. ఫిల్టరు మార్చింది, ఎరుపు. మళ్లీ మార్చింది, నీలం.
అదే కణం, అదే వంకర అంచు, మూడుసార్లు.

సాయంత్రం జెల్లు ఇంకో మాట కూడా చెప్పింది.
మూడు పట్టీలకు పైన, బరువుగా, పలచగా
నాలుగోది:
చేయి అలవాటు కొద్దీ ముడి వేసేసిన చోట
విడిపడకుండా పుట్టినవి.
"బొమ్మ పైన కొంచెం కత్తిరిస్తే సరి," అన్నాడు బొహుమీర్.

కత్తిరించలేదు.
పక్కన పెన్సిలుతో "వందలో ఏడు" అని రాసి
కుళాయి దగ్గరికి వెళ్లి
చేతులు కడుక్కుంది, చాలాసేపు,
సున్నం చల్లొచ్చిన మనిషిలా
మోచేతుల దాకా.