పదిహేడో కుండీ

టార్టూలో జనవరి.
మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
గాజుగదిలో మాత్రం పగటిని మేమే వెలిగిస్తాం,
పదహారు గంటలు, కొలిచి.

అరవై కుండీలు. ఒక్కోదాంట్లో
అరచేతిని మించని అరబిడాప్సిస్ మొక్క.
పదకొండు రోజులు ఎవరూ నీళ్లు పోయకూడదని
తలుపు మీద ఎర్ర సిరాతో రాసింది నేనే.

దాహమేస్తే మనం నోరు తెరుస్తాం.
మొక్క నోరు కట్టుకుంటుంది.
మట్టి ఎండిందన్న కబురు అందగానే
ఆకులో అబ్సిసిక్ ఆమ్లం ఊరుతుంది.
రంధ్రానికి అటొకటి ఇటొకటి కాపున్న కణాలు
ఉప్పును వదిలి, దాని వెంటే నీటిని వదిలి,
బిగువు సడలి
పెదవుల్లా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి.
ఇదంతా కప్పులో టీ చల్లారేలోపు.

పదిహేడోదాని పుట్టుక వేరు.
ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పు.
కబురు గుమ్మం దాకా వస్తుంది,
అందుకునే చెయ్యి లేదు.
నోళ్లన్నీ బార్లా తెరుచుకుని
ఉన్న నాలుగు చుక్కలూ గాలికి పంచేస్తుంది.
నా మూడేళ్ల పని దాని చావు మీదే నిలబడింది:
ఏ రోజు, ఏ గంట, ఎన్ని గ్రాముల దగ్గర.

ఏడో రోజు తూచితే
తగ్గాల్సిన కుండీ నాలుగు గ్రాములు పెరిగింది.
త్రాసు తుడిచాను. సున్నాకి తెచ్చాను.
మళ్లీ నాలుగే.

లెయిడా బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చింది,
ఈ గాజుల్ని ముప్పై ఏళ్లుగా తుడుస్తున్న మనిషి.
నేను అడగకముందే అంది:
"మిగతావాటికి ఓర్చుకోవడం తెలుసు.
దీనికి తెలీదు.
ఫ్లాస్కు మూతలో అడుగున మిగిలినవి, అంతే."

నేను చెప్పుకుపోయాను: గ్రాహకం, ఉత్పరివర్తనం,
పోలికకి పెట్టిన మొక్కలు, లెక్కల్లో పొరపాటు,
ఉర్మస్‌కి ఇప్పుడు ఏమని రాయాలి.
కోటు గుండీలు కింది నుంచి పైకి విప్పుతూ
అంతా వింది.
"అంటే, నీళ్లు లేవని
దానికి ఎవరూ చెప్పలేదన్నమాట" అంది.

ఆ రాత్రి ఆకు వెనక రంగులేని గోళ్ల పాలిష్ రాసి,
ఆరాక ఒలిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టాను.
వందల నోళ్లు.
ఒక్కటీ మూసి లేదు.
ఒక్కటీ ఏమీ అనడం లేదు.

పదిహేడుని లెక్కలోంచి కొట్టేశాను.
బల్ల మీంచి తియ్యలేదు.
లెక్కలో లేని కుండీకి నీళ్లు పోయొద్దని
నా ఎర్ర సిరా ఎక్కడా అనలేదు మరి.

గురువారం ఊరికే తూచి చూశాను.
పది గ్రాములు ఎక్కువ.
అందులో నాలుగే లెయిడావి.