వెనిగర్ వాసన

ఆదివారం, కార్డిఫ్‌లో ముసురు.
డిలిస్ పంజరం తలుపు తీయగానే
రెండెలుకలూ ఆమె స్వెటర్ చేతిలోకి దూరి
మోచేతి మడతలో సర్దుకున్నాయి.

తడిసిన కాగితప్పొట్టు సంచిలోకి.
అరలకు వెనిగర్ నీళ్ళు, అరిగిన టూత్‌బ్రష్.
దేవదారు పొట్టు వాడదు,
దాని ఘాటు వాటి ఊపిరికి పడదు.
సెంటు సంగతి ఎత్తొద్దు.

అయినా అంతా కడిగెయ్యదు.
పాత పడకలోంచి పిడికెడు తీసి
కొత్తదాని కింద దాస్తుంది.
మరీ శుభ్రం చేస్తే అవి
ఇది మా ఇల్లు కాదేమోనని
మూలమూలకీ మళ్ళీ సంతకం పెడతాయి.

ఇంటి ఓనరు ప్రోబర్ట్ వచ్చాడు,
ముక్కు ముందు, మనిషి వెనక.
గడపలోనే నిలబడి ఎగబీల్చాడు.
"చిప్స్ తిన్నట్టున్నారే?"

"మిగల్లేదండీ," అంది డిలిస్.
మోచేతి దగ్గర ఊలు
కొంచెం కదిలింది.