అట్ట ముక్కు

ఇరవై రెండేళ్ళుగా మా ఉలవపాడు పల్లె గుడిలో
శుభ శుక్రవారం నాటకం నాదే.
రాత నాదే, వేషాలూ నావే.
ఇస్కరియోతు యూదాకి ముక్కు కూడా నేనే చేశా:
చెప్పుల డబ్బా అట్ట, మైదా జిగురు,
గద్ద ముక్కులా వంచి, కొసన కాస్త ఎర్ర సిరా.
అది కనబడగానే పిలకాయలు ఈలలేసేవాళ్ళు.
నాకూ ముచ్చటగానే ఉండేది.

ఈ ఏడు ముందు చాప మీద కూర్చుంది
మా మేనత్త కొడుకు ఇశ్శాఖారు కూతురు,
హదస్సా, ఏడేళ్ళది.
వాళ్ళు గుడి మానేసి పదేళ్ళు.
శుక్రవారం పొద్దుగూకితే రెండు దీపాలు,
శనివారం పొయ్యి వెలగదు,
మేం యూదులం అంటారు.
పల్లె నవ్వింది. ఊరికైతే ఆ సంగతే పట్టలేదు.

"సిలువ వెయ్యండి" అని మా కుర్రాళ్ళు అరిచారు
జనరేటరు హోరుని మించి.
"యూదులు చంపారు" అని మైకులో చదివింది నేనే.
హదస్సా లేవలేదు, ఏడవలేదు.
మెల్లగా చెయ్యెత్తి
తన ముక్కు తడుముకుంది.

ఆ రాత్రి నిద్ర ఎక్కడిది.
మా నాయన చెప్పేవాడు,
ఎవడో ఒకడు మామిడి తోటలో కాయలు దొంగిలిస్తే
పల్లె మగాళ్ళందర్నీ ఎండలో వరసగా నిలబెట్టారంట.
ఎవడని అడగలేదు. పల్లె పేరు చాలింది.
నాయన పోయేదాకా ఆ తోట కాయ నోట పెట్టలేదు.
ఆ నాయన బిడ్డనే నేను.

పాస్టరు తిమోతి గారు నా రిజిస్టరు తిప్పుతూ
ఎర్ర గీతలు కొట్టిన చోట ఆగారు.
"వాక్యంలో ఉంది గదమ్మా."
"అయ్యగారూ, ఏసూ యూదుడే. మరియమ్మా యూదురాలే.
పేతురూ అంతే.
మరి ముక్కు ఒక్కడికే ఎందుకు పెట్టా?"
ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు.
ఆదివారం ప్రసంగంలో తడబడుతూనే అన్నారు,
ఎవరో ఎప్పుడో ఎత్తిన నిందని
మనమూ నెత్తిన మోశామని.
కొందరు తలలు దించుకున్నారు.
సంఘపెద్ద దేవసహాయం కండువా దులుపుకుని బయటికి పోయాడు.

తర్వాతి శుక్రవారం పొద్దుగూకాక వాళ్ళింటికి పోయా,
సంచిలో ఆ ముక్కు.
రెండు దీపాలు వెలుగుతున్నాయి.
ఇశ్శాఖారు "రా వదినా" అని పీట జరిపాడు గానీ
పర్లేదులే అనలేదు.
అంటాడని నేనూ చూళ్ళేదు.
హదస్సా సంచిలో చెయ్యి పెట్టి తీసింది,
దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పింది.
"ఒట్టి అట్టేనా పెద్దమ్మా?"
"అట్టే తల్లీ.
చేసింది నేను."